‘వస్తాండా’ అన్న మాటకు సాక్ష్యం

దయ్యాల కథలు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. చదువుకునే రోజుల్లో మా హాస్టల్లో ఒక గదిలో ఏదో ఉందని ఎవరూ చేరేవారు కాదు. ఆ గది నాకే ఇవ్వాలని వార్డెనుకు అర్జీ పెట్టి మరీ తీసుకున్నాను. అందులో నల్లులు తప్ప ఏమీ లేవు. నల్లుల గురించి ఇంకో అర్జీ పెట్టాను. దానికి ఇంతవరకు జవాబు రాలేదు.

అలాంటి నేను ఇప్పుడు చెప్పేది నమ్మి తీరాలని ఎవరినీ అడగను. అది జరిగిన రోజు బళ్ళారి కాలేజీ గదిలో నాతోపాటు ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు. వాళ్ళు విన్నారా లేదా? నా గొడవంతా అదే.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొన్నేళ్ళకు జరిగింది ఇది. అప్పుడు నేను ఆంధ్ర వైపు ఒక విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం పని చేస్తున్నాను. బళ్ళారి పల్లెల్లో మాట్లాడే తెలుగు నా అంశం. ఏడాదికోసారి ముగ్గురు ఆచార్యుల సంఘం నా పనిని పరిశీలించి, నన్ను కొనసాగించాలో మాన్పించాలో తేల్చేది. శాఖాధిపతి దానికి అధ్యక్షుడు. మా గైడు ఒక సభ్యుడు. మూడో ఆయన కోస్తాలోని ఒక కాలేజీ నుంచి వచ్చే వృద్ధ పండితుడు. ఆయనకు పూర్తిగా చెవుడు. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించాలి.

అధ్యక్షుడు నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. “ఏమయ్యా బళ్ళారీ” అనేవాడు. మొదటి ఏడాది సమీక్షలో నాకు కుర్చీ వేయలేదు. రెండో ఏడు కుర్చీ ఉంది కానీ దాని మీద ఆయన గొడుగు పెట్టుకున్నాడు. ఇవన్నీ చిన్న విషయాలని, మనసులో పెట్టుకోకూడదని మా గైడు అనేవాడు. ఆయనకు ఎప్పుడూ కుర్చీ ఉండేది.

మాది బళ్ళారి జిల్లా కంప్లి. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క ఈరమ్మ. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల వరి మళ్ళల్లో నాట్లకు, కోతలకు పోయేది. నా పరిశోధనలో సగం మాటలు ఆమెవే. సెలవుల్లో నేను వెనకాలే తిరిగి రాసుకుంటుంటే తోటి కూలివాళ్ళ ముందు ఆటపట్టించేది.

“చూడండమ్మా మా శీనప్పను. నేను దగ్గితే గూడా రాసుకుంటాడు.”

“దగ్గు అందరికీ ఒకటేలే అక్కా.”

“యాడ ఒకటి? మీ సార్లు ఇంగ్లీషులో దగ్గుతారేమో.”

నా పేరు శ్రీనివాసులు. శీనప్ప అని పిలిచేది మా అక్క ఒక్కతే. విశ్వవిద్యాలయంలో ఆ పిలుపు ఎవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

వివాదమంతా ఒక్క మాట మీద. మిగతా తెలుగువాళ్ళు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు “వస్తాను” అని చెప్పి పోతారు. తిరిగి వచ్చేటప్పుడు “వస్తున్నాను” అంటారు. మా అక్క రెంటికీ ఒకటే అనేది: “వస్తాండా.” పనికి పోతూ గడప దాటేటప్పుడు వస్తాండా. సాయంత్రం వీధి మలుపు తిరుగుతూ వస్తాండా. తేడా అంతా పలకడంలోనే. పోయేటప్పుడు చివర కాస్త సాగేది. ఇది కూడా నేను రాసి పెట్టాను.

అధ్యక్షుడు ఒప్పుకోలేదు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే మాట ఎలా అంటారు, ఇది నువ్వు పుట్టించిందే అన్నాడు. పైగా సంఘానికి ఒక నియమం ఉంది. పరిశోధకుడు కాక బయటివాళ్ళు కూడా తమ చెవులతో విన్న మాటనే లెక్కలోకి తీసుకుంటారు.

“మీ అక్క అన్నది, నువ్వు విన్నావు. అది మీ ఇంటి సంగతి. బయటివాళ్ళు ఎవరు విన్నారయ్యా?” అని నవ్వాడు. మా గైడు కూడా నవ్వాడు. ఆయనైనా నవ్వకుండా ఉండాల్సింది.

మూడో ఏడు వేసవిలో ఏదో పని మీద సంఘం బళ్ళారికే వచ్చింది. నా సమీక్ష కూడా అక్కడి కాలేజీలో ఒక గదిలో పెట్టారు. అప్పటికి అక్క మంచం పట్టి ఉంది. దగ్గు, జ్వరం. వాయిదా వేయమని ముందురోజు వెళ్ళి బతిమాలాను.

“అక్కలకు జ్వరాలొస్తే విశ్వవిద్యాలయాలు మూసుకోవాలా?” అన్నాడు అధ్యక్షుడు. రాకపోతే నీ రిజిస్ట్రేషన్ రద్దు అన్నాడు. మా గైడు కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడడానికి రాళ్ళ గుట్ట తప్ప ఏమీ లేదు.

మర్నాడు నన్ను నిలబెట్టే మాట్లాడారు. మధ్యాహ్నమైంది. ఆ మాట తీసేస్తావా లేదా, అదొక్కటి తేల్చు అన్నాడు అధ్యక్షుడు. తీయనని చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు వరండాలోంచి ఆడగొంతు వినిపించింది.

“శీనప్పా, వస్తాండా.”

గట్టిగా కాదు, నీరసంగా కాదు. రోజూ అనే తీరులోనే. ముందుగా తల తిప్పింది చెవుడున్న పండితుడు. తర్వాత మా గైడు రాస్తున్న కలం ఆగింది. అధ్యక్షుడు విసుగ్గా తలుపు వైపు చూసి, “ఎవరయ్యా ఆ శీనప్ప? ఆవిడను కాసేపు బయట ఉండమను” అన్నాడు.

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అక్కకు నయమైంది. బస్సెక్కి వచ్చేసింది. బయటివాళ్ళు ఎవరు విన్నారని అడిగినవాళ్ళ ముందుకు తానే వచ్చి ఆ మాట అనింది. పరుగున వరండాలోకి వెళ్ళాను.

తలుపు పక్కన బంట్రోతు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎటు పోయిందని అడిగాను.

“ఎవరూ రాలేదప్పా. నేను ఈడే కూసోనుండా.”

వరండా పొడవునా ఎండ పడి ఉంది. మనిషి జాడ లేదు.

అక్కకు బళ్ళారి కొత్త. నేను కనిపించక బస్టాండుకు తిరిగిపోయిందేమో అనుకున్నాను. సమీక్షను అలాగే వదిలేసి అక్కడికి పరిగెత్తాను. కంప్లి నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరా నిలబడి దిగేవాళ్ళ ముఖాలు చూశాను. సోడా అంగళ్ళ ముందు వెతికాను. కంప్లికి పోయే బస్సులు నా పక్కనుంచే పోయాయి. చీకటి పడ్డాక పోయిన ఆఖరి బస్సుతో సహా ఒక్కటీ ఎక్కలేదు. వస్తాండా అంటే వస్తోందనే అనుకున్నాను. ఆ మాటకు రెండర్థాలున్నాయని మూడేళ్ళుగా వాదిస్తున్నది నేనే.

మరుసటి రోజు పొద్దున కంప్లిలో దిగేసరికి మా బావ వాకిట్లో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

“పొద్దు గూకేదాకా నీ కోసం చూసినామప్పా. ఈ ఎండలకు ఇంక పెట్టుకోలేకపోతిమి” అన్నాడు.

అప్పటికే మట్టి చేసేశారు. ఎప్పుడు పోయిందని అడిగాను.

“కోతకు పోయినోళ్ళు అన్నానికి వచ్చే పొద్దులో కండ్లు తెరిచింది. గడప తట్టు చూసి, ‘శీనప్పా, వస్తాండా’ అనింది. నువ్వొచ్చినావేమోనని నేను వాకిట్లోకి పోయి చూసినా. యాడ? వీధంతా ఎండ. లోపలికి వచ్చేసరికి లేదు.”

ఒకటే మాటకు కంప్లిలో ఆయన నా కోసం బయటికి వచ్చి చూశాడు. బళ్ళారిలో నేను ఆమె కోసం బయటికి వచ్చి చూశాను.

కర్మలయ్యాక విశ్వవిద్యాలయానికి వెళ్ళి జరిగింది చెప్పాను. మా అక్క చివరి మాట మీరు ముగ్గురూ విన్నారు, విన్నామని ఒక్కరు చెప్పండి చాలు అన్నాను. పండితుడు అప్పుడు అక్కడ లేడు. తాను శీనప్ప అనే పేరే ఎత్తలేదన్నాడు అధ్యక్షుడు. ఆ సమయంలో కాగితాలు చూసుకుంటున్నాను, ఏదీ గమనించలేదు అన్నాడు మా గైడు. తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్ళి, “ఆ ఒక్క మాట తీసేస్తే డాక్టరేటు నీ చేతిలో ఉంటుంది కదా” అన్నాడు. ఆ మాట తీసేస్తే మా అక్క పోతూ నాతో చెప్పి పోలేదని ఒప్పుకున్నట్టే. తీయలేదు.

వాళ్ళ నియమం ప్రకారమే బయటివాళ్ళు విన్నారు కాబట్టి ఆ మాటను చేర్చుకోవాలని రిజిస్ట్రారుకు రాశాను. ఆయన పైవాళ్ళకు రాశాను. నాకు మతి చలించిందని చెప్పుకున్నారట. రిజిస్ట్రేషన్ రద్దయింది. బళ్ళారి దగ్గర ఒక హైస్కూల్లో మాస్టరుగా చేరాను.

కొన్నేళ్ళ తర్వాత ఆ వృద్ధ పండితుడిని వెతుక్కుంటూ ఆయన ఊరు వెళ్ళాను. ఎవరేం చెప్పాలన్నా రాసేందుకు ఆయన పక్కన ఒక పలక ఉండేది. దాని మీద రాశాను: “ఆ రోజు బళ్ళారిలో మీరు తలుపు వైపు తల తిప్పారు. ఎందుకు?”

ఆయన చదివి పలక నా చేతికే తిరిగి ఇచ్చారు.

“ఆవిడ పిలిచింది కదా నాయనా” అన్నారు. “నా చెవిలో మాట పడి ఏళ్ళయింది. మా ఇంటావిడ గొంతు ఎలా ఉండేదో కూడా మరిచిపోయాను. ఆ రోజు వరండాలో ఆవిడ మాట మాత్రం పడింది.”

తర్వాత ఆ మాట తానే అన్నారు. “శీనప్పా, వస్తాండా.” ఆ కోస్తా పండితుడి నోట అచ్చం మా అక్క పలుకు. చివర కాస్త సాగింది.

“ఇలా సాగితే పోతున్నట్టని నువ్వే రాశావు కదా. అందుకే నువ్వు పరిగెత్తితే కంప్లికే పోతున్నావనుకున్నాను” అన్నారు.

నేను పలక తుడిచి ఆయన పక్కన పెట్టాను.

ఈ సంగతి కూడా విశ్వవిద్యాలయానికి రాశాను. చెవిటాయన విన్నాడని రాస్తావా అని ఆఫీసులో గుమాస్తాలు నవ్వారని తెలిసింది. వాళ్ళ నవ్వులోనూ న్యాయం ఉంది. ఏమీ వినపడని మనిషికి అది ఎలా వినపడింది? అధ్యక్షుడి నోట శీనప్ప అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది? కంప్లిలో అన్న మాట బళ్ళారి వరండాలో ఎలా వినిపించింది? ఎవరైనా వివరించగలిగితే వింటాను. నాకు మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

ఆ రోజు పండితుడి ఇంట్లోంచి బయల్దేరుతుంటే ఆయన గడప దాకా వచ్చారు. పోయేవాళ్ళు చెప్పి పోతారు కాబట్టి, నేను అనబోయే మాట కోసం నా పెదాల వైపు చూస్తూ నిలబడ్డారు. నా నోట రాలేదు. ఏమీ అనకుండానే మెట్లు దిగాను.