మానుకోట ఎండల్లో అత్తమ్మ కాపలా

మొన్న ఎండాకాలంలో మా భూపాలపల్లిలో ఏదో ప్రవేశ పరీక్ష జరుగుతుంటే మనవరాలిని దింపడానికి కాలేజీ దాకా వెళ్ళాను. పిల్లలంతా లోపలికి పోయి గేటు పడ్డాక కూడా తల్లులు కదలలేదు. గోడ నీడ ఎంత ఉంటే అంతలోనే సర్దుకొని, నీళ్ళ సీసాలు ఒళ్ళో పెట్టుకొని, మూసిన గేటు వంకే చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని గేటు దగ్గరి పోలీసును ఒకటికి రెండుసార్లు అడిగింది. తిరుగుతున్నాయని అతను ఎంత చెప్పినా ఆమె ముఖంలో నమ్మకం కనబడలేదు. ఆ ముఖం చూడగానే నాకు మా అత్తమ్మ గుర్తుకొచ్చింది, ఆమెతోపాటే నా డిగ్రీ చదువూ గుర్తుకొచ్చింది.

నా ఈడు పంతుళ్ళకు, పంతులమ్మలకు ఆ చదువు సంగతి చెప్పనక్కరలేదు. ట్రైనింగ్ కాగానే చిన్న వయసులో ఉద్యోగంలో చేరి, పైకి రావాలంటే డిగ్రీ ఉండాలని ఆలస్యంగా తెలుసుకొని, బడులకు సెలవులిచ్చి ఊరంతా తలుపులు మూసుకొని పడుకునే ఎండల్లో, పుస్తకాల సంచి భుజానికి వేసుకొని తరగతులకు పోయినవాళ్ళం మనం. కాలేజీ రోజులు అని పిల్లలు ఇప్పుడు మురిపెంగా చెప్పుకుంటుంటే, నాకు మాత్రం ఆ మాట వినగానే వడగాలి, రేకుల కప్పు, చెమటకు వేళ్ళకంటుకునే కాగితాలు గుర్తుకొస్తాయి.

అప్పుడు నేను గార్ల పక్క పల్లెలో పనిచేసేదాన్ని. అత్తగారిల్లు గార్లలోనే. మా ఆయనకు భూపాలపల్లి బొగ్గుబావిలో కొత్తగా ఉద్యోగం దొరకడంతో, అక్కడే తోటివాళ్ళతో కలిసి గదిలో ఉంటూ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో పెద్దరికం మా బావగారిది. మానుకోటలోని దూరవిద్య కేంద్రంలో డిగ్రీకి వేసవి తరగతులు జరుగుతున్నాయని, రోజూ ప్యాసింజరు రైల్లో పోయి సాయంత్రానికి తిరిగొస్తానని నేను చెప్తే ఆయన అవుననలేదు, కాదనలేదు. ఊళ్ళో నలుగురూ ఏమంటారో అన్నట్టు ఒక చూపు చూసి లేచిపోయాడు. తెల్లారి, నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే, అత్తమ్మ సద్ది మూట కట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది. తాను కూడా వస్తుందట.

ఎందుకొస్తుందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. నా తరగతిలో మగవాళ్ళే ఎక్కువ, ఆడవాళ్ళం వేళ్ళమీద లెక్కపెట్టేంతమందిమి. వాళ్ళల్లో ఎవరు నాతో మాట్లాడారో, నేను ఎవరి పుస్తకం తీసుకున్నానో చూడడానికే ఆమె వస్తుందని నా అనుమానం. ఆ అనుమానాన్ని పెంచడానికా అన్నట్టు, ఇల్లు చేరగానే బావగారు ఆమెను పెరట్లోకి పిలిచి ఏదో అడిగేవాడు, ఆమె గొంతు తగ్గించి ఏదో చెప్పేది. వంటింట్లో ఉన్న నాకు మాటలు వినబడేవి కావు, తల ఊపడం మాత్రం కనబడేది. నేను కూడా ఆమెను కనిపెట్టడం మొదలుపెట్టాను. కాలేజీ వరండాలో స్తంభానికి ఆనుకొని, కొంగు నెత్తిన వేసుకొని కూర్చునేది. నేను పాఠం వింటూ కిటికీలోంచి ఒక కన్ను ఆమె మీద వేసేదాన్ని. ఆమె చూపు ఎప్పుడూ ఎవరో ఒకరి వెంట పోతూనే ఉండేది. అలా ఒకరిమీద ఒకరం కాపలా కాసుకుంటూనే మొదటి ఏడు గడిచింది, పరీక్షలు కూడా అయ్యాయి.

రెండో ఏడు మళ్ళీ అదే రైలు, అదే వరండా. కానీ అత్తమ్మ గొణుగుడు కొత్తగా మొదలైంది. పోయినేడు గేటుకు కట్టిన గుడ్డ బ్యానరు ఈసారి ఎందుకు లేదని అడిగింది. అయిదుగురు సార్లు వచ్చేచోట ఇద్దరే వస్తున్నారేందన్నది. తరగతులు చూసుకునే పెద్దసారు గదుల తాళంచెవి తన జేబులోనే పెట్టుకొని, తానే తీసి తానే వేస్తున్నాడని, చప్రాసి ఏమైపోయిండని ఒకటే నస. నాకు విసుగొచ్చేది. చదువు సంగతి తెలియని మనిషి అన్నిట్లో తప్పులు వెతుకుతుందనుకున్నాను.

తరగతులు సగానికి వచ్చాక ఆ పెద్దసారు, పరీక్షలకు పేర్లు పంపాలి, అందరూ పదో తరగతివి, ట్రైనింగువి అసలు సర్టిఫికెట్లు తెచ్చి ఇవ్వండి అన్నాడు. నకళ్ళు పనికిరావట. ఒకరి తర్వాత ఒకరు తెచ్చి ఇచ్చేశారు. నేను కూడా తెచ్చి తరగతిలోకి పోబోతుంటే అత్తమ్మ సంచి గట్టిగా పట్టుకుంది. అసలువి ఆయనకెందుకు, ఇయ్యనే ఇయ్యకు అన్నది. అందరిముందూ సంచి గుంజుకోలేక, ఆ రోజు ఇవ్వకుండానే బయటికొచ్చాను. ఇవ్వకపోతే పరీక్ష లేదని సారు చెప్పిన మాట చెవుల్లో మోగుతోంది.

సాయంత్రం మానుకోట స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది.

"అత్తమ్మా, నన్ను కనిపెట్టమని బావ పంపితేనే నువ్వొచ్చినవ్. నా చదువు ఆగాలె. గదే కదా మీ అందరికి కావాల్సింది."

ఆమె కాదంటుందనుకున్నాను. కనీసం కోప్పడుతుందనుకున్నాను. ఆమె తాపీగా నోట్లోని వక్క ఒక పక్కకు తోసి, నా వైపు తిరిగింది.

"అవ్, వాడే పంపిండు. నిన్ను సూసుడు మొదటేడే రెండు దినాలల్ల ఒడిసింది. అప్పటిసంది నేను ఆ సార్లను సూస్తున్న."

ఆ మాట నేను వెంటనే నమ్మానని చెప్పలేను. సగం నమ్మాను, సగం నమ్మలేదు. కానీ మర్నాడు పొద్దున మానుకోటలో రైలు దిగుదామని లేస్తే ఆమె లేవలేదు. టికెట్టు మానుకోట దాటి ముందుకు తీసుకుందట. ఆ చదువు ఏ పెద్దాఫీసుదో అక్కడికే పోయి అడుగుదామన్నది.

విశ్వవిద్యాలయం ఆఫీసులో ఏ కిటికీ దగ్గరికి పోయినా ఇంకో కిటికీ చూపించారు. చివరికి ఒక నడివయసు గుమాస్తా నా మాట పూర్తిగా విని, ముఖం అదోలా పెట్టి, ఈ ఏడు మానుకోటలో మాకు కేంద్రమే లేదమ్మా, మీ అందరినీ జనగామకు మార్చినం, ఎవరూ చెప్పలేదా అన్నాడు. నెల రోజులుగా ఎండలో పడి పోయి నేను విన్న పాఠాలు ఎవరి పాఠాలు? జనగామలో తరగతులు ఇంకా నడుస్తున్నాయి, సోమవారం లోపల చేరితే పరీక్షకు పంపుతారు, అసలు సర్టిఫికెట్లు ఎవరూ ఉంచుకోరు, చూసి తిరిగిస్తారు, అంతేనన్నాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. గెలిచినట్టు ఆమె ముఖంలో ఏమీ లేదు. ఈయన చెప్పేది మాత్రం నిజమేనా అన్నట్టు గుమాస్తాను తేరిపార చూస్తోంది.

మానుకోటకు తిరిగొచ్చి తోటివాళ్ళకు చెప్తే సగంమంది నన్నే అనుమానించారు. నా సర్టిఫికెట్లు ఇవ్వలేదు కాబట్టి కథలు అల్లుతున్నానన్నారు. ఒకరిద్దరు పోయి కనుక్కొని వచ్చాక గానీ నమ్మలేదు. అందరం కలిసి ఆ సారు ఇంటికి పోయాం. కేంద్రానికి మళ్ళీ అనుమతి వస్తుందని ఆశపడి చెప్పలేదని, మేము జనగామకు చెదిరిపోకుండా ఉంటామని సర్టిఫికెట్లు తీసుకున్నానని ఆయన నీళ్ళు నమిలాడు. రేపిస్తాను, ఎల్లుండి ఇస్తానన్నాడు. మగవాళ్ళంతా గట్టిగా మాట్లాడలేక బయట నిలబడి ఉంటే, అత్తమ్మ పోయి ఆయన గడప మీద కూర్చుంది.

"పిల్లల కాయిదాలు ఇయ్యి సారూ. ఇచ్చేదాక నేను ఈడనే కూసుంట."

ఇంట్లోవాళ్ళు బయటికి రావాలన్నా ఆమెను దాటాలి, బయటివాళ్ళు లోపలికి పోవాలన్నా ఆమెను దాటాలి. పొద్దు వాలకముందే సర్టిఫికెట్లన్నీ బయటికొచ్చాయి. అది మోసమో, నిజంగానే ఆశో నాకు ఈనాటికీ తెలియదు. అత్తమ్మకు మాత్రం ఆ సందేహం లేదు.

జనగామలో ఒక దర్జీ ఇంట్లో గది తీసుకొని ఇద్దరం ఉన్నాం. రోజూ రైల్లో పోయిరావడం కుదరనంత దూరం. దర్జీ భార్య పొద్దున్నే చాయ్ పంపితే, మొదట్లో అత్తమ్మ దాన్ని కూడా ఊరికే ఎందుకిస్తుందని అనుమానించింది. తర్వాత ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చొని, ఆమె దక్కనీ ఉర్దూలో, ఈమె తెలుగులో, గంటలకొద్దీ లోకం మీది అనుమానాలన్నీ చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడూ, తర్వాతి ఏడూ జనగామలోనే చదివి పరీక్షలు రాశాను. పట్టా చేతికొచ్చిన రోజు అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గిది అసలుదేనా అని అడిగింది. బావగారు మాత్రం ఆ రోజు మొదటిసారి నన్ను పేరు పెట్టి కాకుండా టీచరమ్మా అని పిలిచాడు. అందులో ఎంత మెచ్చుకోలు ఉందో, ఎంత ఎత్తిపొడుపు ఉందో తేల్చుకోవడం నావల్ల కాలేదు.

పదోన్నతి వచ్చింది, బదిలీ మీద భూపాలపల్లికి చేరాను, ఇక్కడే రిటైరయ్యాను. అత్తమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పెరట్లో బావగారితో అన్ని సాయంత్రాలు ఏం చెప్పేదో నేను అడగనే లేదు. అడిగితే చెప్పేదేమో, చెప్పినా నేను నమ్మేదాన్నో కాదో.

ఇప్పుడు పాఠాలు ఫోన్లోనే వస్తాయి, పరీక్ష రోజున తప్ప రైలెక్కక్కరలేదు, వరండాలో ఎవరూ కూర్చోనక్కరలేదు. ఎండాకాలం వస్తే అందరం కూలర్ ముందు ఒక్కో మూలన ఒక్కో ఫోను పట్టుకొని ఉంటాం. ఎక్కడికి పోతున్నవ్, ఎవరు చెప్పిండ్రు, వాళ్ళను ఎందుకు నమ్మాలె అని నన్ను నిలదీసేవాళ్ళు లేరు. మా ఇంట్లో అందరికీ నా మీద నమ్మకమే. ఎక్కడికి పోతానన్నా సరేనంటారు, తల ఎత్తకుండానే.