కరుణ టీచర్ కొన్న కెటిల్

మొన్న సాయంత్రం మిక్సీ జార్ మూత కోసం బాపట్లలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. నా పక్కన కొత్తగా పెళ్ళయిన జంట ఎలక్ట్రిక్ కెటిల్ బేరం చేస్తున్నారు. పనిచేస్తుందో లేదో చూపించడానికి దుకాణదారు అందులో నీళ్ళు పోసి స్విచ్ నొక్కాడు. కాసేపటికి అడుగునుంచి సన్నగా రొద మొదలైంది. అది పెరిగి పెరిగి, మధ్యలో ఒక్కసారి తగ్గి, ఆ తర్వాత కళపెళమంది. రొద తగ్గిన ఆ క్షణంలో నాకు తెలియకుండానే "ఇదిగో, ఇప్పుడు మరుగుతోంది" అని పైకే అనేశాను. కెటిల్ టక్కుమని ఆగిపోయింది. ఆ అమ్మాయి నావైపు వింతగా చూసి, "చూడకుండానే ఎలా చెప్పారండీ?" అంది. నవ్వి ఊరుకున్నాను. చెప్పాలంటే కరుణ టీచర్ గురించి మొత్తం చెప్పాలి. దుకాణంలో నిలబడి చెప్పే సంగతి కాదది.

కరుణ టీచర్ గారు రేపల్లెలో మా స్కూల్లో సైన్సు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. సన్నంచు నూలు చీర, బిగించి వేసుకున్న ముడి, చేతికి మగవాళ్ళ గడియారం. గొంతు పెద్దది కాదు, కానీ ఆవిడ మాట్లాడుతుంటే వెనక బెంచీ దాకా వినిపించేది, ఎందుకంటే మిగతా ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. ఉష్ణం పాఠం చెప్పే రోజున స్పిరిట్ దీపం మీద నీళ్ళ గిన్నె పెట్టి మమ్మల్నందరినీ కళ్ళు మూసుకోమన్నారు. "చూడటం అందరూ చూస్తారు. ఇవాళ వినండి" అన్నారు. విన్నాం. మొదట ఏమీ లేదు. తర్వాత చిన్నగా చిటపటలు, ఆ తర్వాత రొద. ఎవరో తొందరపడి "మరిగాయి టీచర్!" అని అరిచారు. "లేదు. అడుగున పుట్టిన బుడగలు పైదాకా రాలేక మధ్యలోనే చితికిపోతున్నాయి, ఆ చప్పుడది. పైకి చేరడం మొదలయ్యాక నీళ్ళు గొంతు తగ్గిస్తాయి. అప్పుడే మరిగినట్టు" అన్నారు. పరీక్షల కోసం నేను బట్టీ పట్టినవన్నీ ఎటో పోయాయి. కళ్ళు మూసుకుని విన్న ఆ పాఠం మాత్రం పోలేదు.

పెళ్ళయ్యాక నేను బాపట్ల వచ్చాను. ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. రిటైరయ్యాక టీచర్ గారు కూడా బాపట్లలోనే ఉంటున్నారని, అదీ మా వెనక వీధిలోనే అని తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. చర్చికి దగ్గరగా ఉంటుందని చిన్న ఇల్లు కొనుక్కున్నారట. వెళ్ళి తలుపు తట్టి, "టీచర్ గారూ, నేను వసంతని. రేపల్లె" అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాకుండా నా చెవి పక్కనెక్కడో చూస్తూ, "వసంతా! కిటికీ పక్క బెంచీ కదూ నీది? రా, లోపలికి రా" అన్నారు. ఆ చూపు ఎందుకలా ఉందో కూర్చున్నాక తెలిసింది. గ్లకోమా. మనవాళ్ళు నీటికాసులంటారు. మెల్లమెల్లగా చూపు తినేసింది. ఎదురుగా మనిషి ఉంటే నీడలా తెలుస్తుంది, అంతే. ఆ సంగతి ఆవిడ ఊళ్ళో కరెంటు పోయిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పి, లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చారు. మధ్యాహ్నం, రాత్రి భోజనం పక్కవీధి మెస్ నుంచి క్యారియర్‌లో వచ్చేది. టీ మాత్రం ఇంకొకరి చేత పెట్టించుకునేవారు కాదు.

ఆ టీయే ఒకరోజు ఇంత పని చేసింది. మరుగుతున్న గిన్నె దించుతుంటే పట్టకారు జారి, టీ అంతా ఎడమచేతి మీద పడింది. పక్కింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి మోచేతి దాకా కట్టుతో, ఏమీ జరగనట్టు కుర్చీలో కూర్చుని ఉన్నారు. అంతలో తెనాలి నుంచి ఆవిడ తమ్ముడు ప్రభాకరం గారు వచ్చారు. అక్క చదివిస్తే చదువుకున్న మనిషి. ఆవిడంటే ప్రాణం. ఆ కట్టు చూడగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇక చాలు అక్కయ్యా. సామాను సర్దుకో. మా ఇంటికొచ్చెయ్. మంచం దగ్గరికే వేడివేడి టీ తెచ్చిస్తాం" అన్నారు.

"అదేరా నా భయం" అన్నారు టీచర్ గారు.

"నవ్వులాట కాదు. ఇవాళ చెయ్యి కాలింది. రేపు చీర అంటుకుంటే? నాకు నిద్రపడుతుందనుకున్నావా?"

ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుని అన్నారు. "నీ భయం నిజమేరా. కాదనను. గ్యాస్ పొయ్యి తీసుకెళ్ళిపో. నాకిక వద్దు. కానీ పొద్దున లేచి నా టీ నేను కాచుకోవడం ఒక్కటే మిగిలింది నాకు. చదవలేను, రాయలేను. అదీ పోతే ఈ ఇంట్లో నేనున్నట్టు నాకే తెలియదు. కరెంటు కెటిల్ కొనుక్కుంటాను. మీ ఇంటికే తెచ్చి, నీ ఎదురుగా టీ చేసి చూపిస్తాను. నీకు ధైర్యం చాలకపోతే ఇక బాపట్ల తిరిగి రాను, మీ ఇంట్లోనే ఉండిపోతాను."

ఆయన "సరే" అన్నారు. అక్క మాట ఇస్తే తప్పరని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఆ కెటిల్ సంగతి నాకు ఆ రోజులన్నీ గుండెల మీద బరువులా ఉంది.

చెయ్యి మానాక ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, ఇద్దరం రైలెక్కి తెనాలి వెళ్ళాం. దారిలో నిడుబ్రోలు దాటేదాకా ఆవిడ కిటికీ గాలికి మొహం పెట్టి కూర్చున్నారు. "టీచర్ గారూ, మంచి కంపెనీది అడుగుదామండీ" అన్నాను. "కంపెనీ పేరుతో నీళ్ళు కాగవు. నా చేతికి నచ్చాలి" అన్నారు.

తెనాలిలో దిగి ముందు ఒక ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు ముందుగా గాజు కెటిల్ తెచ్చాడు. నీళ్ళు మరిగేటప్పుడు లోపల నీలం లైటు వెలుగుతుందని గొప్పగా చెప్పాడు. ఆవిడ దాన్ని తడిమి, "బాగుంది నాయనా. ఆ వెలుగు చూసేవాళ్ళకి అమ్ము" అన్నారు. అతను అప్పుడు గమనించి నాలిక కరుచుకున్నాడు. "క్షమించండమ్మా" అని ఒక కుర్చీ తెచ్చి వేసి, ఉన్న కెటిళ్ళన్నీ బల్ల మీద వరసగా పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటీ చేతుల్లోకి తీసుకున్నారు. ఒకదాని పిడికీ ఒంటికీ మధ్య ఖాళీ చాలలేదు, వేళ్ళు తగులుతున్నాయి. ఇంకొకటి నొక్కగానే మూత ఎగిరి లేస్తోంది, ఆవిరి సరాసరి చేతికి కొడుతుంది. ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు తేలికగానే ఉంది కానీ, నీళ్ళు పోయించి ఎత్తి చూస్తే మణికట్టు వణికింది.

"ఇది ఎన్నాళ్ళు మన్నుతుంది?" అని ఒకదాన్ని చూపించి అడిగారు.

"వారంటీ ఉందమ్మా."

"కాగితం సంగతి కాదు. మూత కీలు చూడనీ" అని మూత తెరుస్తూ మూస్తూ వదులుగా ఉందేమో వేళ్ళతో చూశారు. కీలు ఆడుతోంది. పక్కన పెట్టేశారు. "ముందు పాడయ్యేవి ఇదీ, స్విచ్చీ. కింది పళ్ళెం పాడైతే విడిగా దొరుకుతుందా? లోపల ప్లాస్టిక్ ఉందా? చెయ్యి పెట్టి తోమడానికి వీలుగా ఉందా?" అతను విసుక్కోలేదు. వెతికి వెతికి లోపలి నుంచి ఒక చిన్న స్టీలు కెటిల్ తెచ్చాడు. రెండు పొరలది, బయటి పొర కాలదట. లోపలంతా స్టీలే. మూత కీలు బిగువుగా ఉంది. ఎటు తిప్పి పెట్టినా పళ్ళెం మీద సరిగ్గా కూర్చుంటుంది. స్విచ్ నొక్కితే వేలికి స్పష్టంగా తెలుస్తుంది.

"దీని గొంతు వినాలి" అన్నారు టీచర్ గారు. అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను. నీళ్ళు పోసి పెట్టాడు. కానీ దుకాణంలో టీవీలన్నీ మోగుతున్నాయి. అతను ఒక్కొక్కటే కట్టేస్తూ వెళ్ళాడు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఏమిటో అని మాటలు ఆపేశారు. అందరం ఆ కెటిల్ చుట్టూ నిలబడ్డాం. ఆవిడ తల కాస్త వంచి, "మొదలైంది... పెరుగుతోంది... ఇంకా లేదు... ఆ, ఇప్పుడు" అన్నారు. మూతి నుంచి ఆవిరి బుసబుసా వచ్చింది. టక్కుమంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆవిడ కెటిల్ ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కాలకపోతే నవ్వి, "ఇది కట్టివ్వు నాయనా" అన్నారు.

అక్కడి నుంచి ప్రభాకరం గారింటికి వెళ్ళాం. ఆయన పలకరించారు కానీ మొహంలో నవ్వు లేదు. హాల్లో బల్ల మీద ఆవిడ అన్నీ తనే పెట్టుకున్నారు. అంచున్న పళ్ళెం, అందులో కప్పులు, టీ సంచులు, పాలపొడి, పంచదార. కెటిల్ ఎడమవైపు. నీళ్ళు మరిగాయి, స్విచ్ ఆగింది. ఆవిడ కెటిల్ ఎత్తి, దాని మూతిని కప్పు అంచుకు ఆనించి, మెల్లగా వంచారు. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. గాలి కదలికకే పసిగట్టారేమో, "వసంతా, చేతులు కట్టుకో. కావాలంటే నేనే పిలుస్తాను" అన్నారు. క్లాసులో అన్నట్టే. కట్టుకున్నాను. కప్పు నిండుతున్న చప్పుడు సన్నబడుతూ వచ్చింది, అంచు దాకా రాకముందే ఆవిడ ఆపేశారు. రెండో కప్పు దగ్గర కొన్ని నీళ్ళు పక్కకు చిందాయి. ప్రభాకరం గారు గబుక్కున లేచారు.

"కూర్చో. పళ్ళెం పెట్టింది అందుకేగా" అన్నారు ఆవిడ, తల ఎత్తకుండానే.

కప్పు తమ్ముడి చేతికిచ్చారు. ఆయన ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అంతసేపూ నిబ్బరంగా ఉన్న ఆ వేళ్ళు ఇప్పుడు చీర కొంగును మెలిపెడుతున్నాయి. ఆవిడ భయపడటం నేను చూసింది అప్పుడే.

"పంచదార ఎక్కువైంది అక్కయ్యా" అన్నారు ఆయన, కప్పు కింద పెడుతూ.

"అంతేనా? ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు. బాపట్లకి ఏ బండికి వెళ్తారు?"

ఆవిడ చెయ్యి చాపి, గాలిలో వెతికి, తమ్ముడి తల దొరికితే నిమిరారు. ఆయన ఒక్క షరతు పెట్టారు, రోజూ పొద్దున ఫోన్ చేయాలని. "నువ్వే చెయ్యి. నీళ్ళ చప్పుడు వినిపిస్తాను" అన్నారు ఆవిడ. అలాగే జరిగింది. ప్రతి ఉదయం ఆయన ఫోన్ చేసేవారు, ఆవిడ ఫోన్‌ని కెటిల్ పక్కన పెట్టేవారు. మరిగేదాకా అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదట. "అది విన్నాక ఇక ఆ రోజంతా నాకు దిగులుండదమ్మా" అని ఆయన ఒకసారి నాతో అన్నారు.

టీచర్ గారు చాలా ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఒక్కసారి కింది పళ్ళెం మార్పించడం తప్ప కెటిల్‌తో ఇబ్బంది రాలేదు. చేతికి మళ్ళీ కాలిన మచ్చ పడలేదు. చివరి జబ్బు కూడా ఎక్కువ రోజులు బాధపెట్టలేదు. తమ్ముడు పక్కనే ఉండగా, తన మంచం మీదే కన్నుమూశారు. ఏడ్చాను. కానీ ఆవిడ కోరుకున్నట్టే ఉండి వెళ్ళారనే ఊరట ఆ ఏడుపులోనూ ఉంది.

పోయిన సంవత్సరం మా ఆయన స్కూటర్ మీద నుంచి పడ్డారు. ప్రాణానికి ప్రమాదం లేదు కానీ కుడిచేతి వేళ్ళకి పట్టు తప్పింది. డాక్టరు గారు మెల్లగా వస్తుందన్నారు. మళ్ళీ ఆఫీసుకు బయల్దేరిన మొదటి రోజు ఆయన అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. గుండీ కాజా దాకా వస్తుంది, జారిపోతుంది. బస్సు వేళవుతోంది. నేను గుమ్మంలో నిలబడి గోడకి ఆనుకున్నాను. వెళ్ళి పెట్టేస్తే క్షణం పని. వెళ్ళలేదు. బస్సు పోతే ఇంకోటి వస్తుంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఒక గుండీ పడింది. తర్వాత ఇంకొకటి. ఆఖరిది పెట్టుకుని ఆయన అద్దంలో నావైపు చూశారు. ఎన్నో రోజుల తర్వాత ఆ మొహంలో పాత మనిషి కనిపించాడు.

"కాలర్ వెనక మడత పడిందేమో, కాస్త చూస్తావా?" అన్నారు.

అప్పుడు దగ్గరికి వెళ్ళాను.