తొండ ఎండకొచ్చే వేళ

సదానందం కాకకు పొద్దు పొడవడం ఎలా ఉంటుందో తెలియదు. ఎగతాళికి అనడం లేదు. సెంటినరీ కాలనీలో ఆయనది మా పక్క క్వార్టరు. బొగ్గుగనిని మేము బాయి అంటాం. ఆ బాయిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ముప్పై రెండేళ్లు చేశాడు. ఫస్టు షిఫ్టు వారంలో ఎండ ఎక్కేసరికి భూమి లోపల ఉండేవాడు. నైటు షిఫ్టు అయితే ఇంటికి రాగానే పడుకునేవాడు. సెకండు షిఫ్టుకు పోతే పది దాటాకే లేచేవాడు. ఇక సెలవు రోజున నిద్రే ఆయనకు పండుగ.

ఆయన భార్య ఐలవ్వ మాత్రం చలికాలమంతా పొద్దున్నే పెరట్లో బండ మీద కూర్చుని, గోడ మీది తొండను చూసేది. "మొదాలు బొగ్గోలె నల్లగుంటది టీచరమ్మా. ఎండ తాకినంక రంగు తేలుతది" అని నాకు మురిపెంగా చెప్పేది. మొగుణ్ని లేపేది. ఆయన దుప్పట్లోంచే "రేపు సూస్త తియ్యే" అనేవాడు.

పోయిన వానాకాలం ఐలవ్వ జ్వరంతో చనిపోయింది. నవంబరులో కాక రిటైరయ్యాడు. జనవరిలో ఓ ఆదివారానికి క్వార్టరు ఖాళీ చేయాలి. దానికి మూడు రోజుల ముందు మా గుమ్మంలోకి వచ్చాడు.

"గా తొండ రంగు మారుడు నేను సూడాలె టీచరమ్మా. ఈ గోడ ఇడిచిపోయినంక యాడ దొరుకుతది?"

తొండలు ఆయన వెళ్లబోయే నస్పూర్‌లోనూ ఉంటాయి. ఐలవ్వ చూసిన తొండ మాత్రం ఈ గోడ మీదిదే.

శుక్రవారం తెల్లవారుజామున చప్పుడైతే వెళ్లి చూశాను. గోడ పగుల్లో ముడుచుకున్న తొండ మీదికి టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

"గంట నుంచి ఎల్తురు కొడుతున్న. రంగు మారదేంది? సచ్చిందా?"

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "దానికి కావల్సింది వెలుతురు కాదు కాకా, వేడి. మన లెక్క దాని ఒంట్ల వేడి పుట్టది. ఎండల నుంచే తెచ్చుకోవాలె."

ముప్పై రెండేళ్లు నెత్తిన దీపం పెట్టుకుని బతికిన మనిషికి దీపమే సూర్యుడు. ఆయన్ని ఏమని తిట్టను? ఎండ కోసం బండ మీద కూర్చున్నాడు, కూర్చున్నచోటే గుర్రు పెట్టాడు. లేచేసరికి తొండ నీడకు పోయింది. శనివారమూ అంతే. పని లేకుండా కూర్చుంటే ఆ ఒంటికి పొద్దున పూట మేలుకుని ఉండడం రాదు.

ఆదివారం నేను చర్చికి పోలేదు. కాక బండ నడుమ కూర్చుంటే, పక్కనే కుర్చీ వేసుకుని, ఆయన తల వాలినప్పుడల్లా భుజం తట్టాను. ఎనిమిది దాటాక గోడ పైభాగానికి ఎండ తగిలింది. తొండ మెల్లగా ఎక్కివచ్చింది. నిజంగానే నల్లగా ఉంది. పక్కటెముకలు విప్పి, ఒళ్లు చపాతీలా పరిచి, ఒక పక్క మొత్తం ఎండకు ఒప్పజెప్పింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత నలుపు విరిగి గోధుమ రంగు తేలింది. బాగా వేడెక్కాక మూతి సూర్యుడి వైపు తిప్పి, ఒంటికి ఎండ తక్కువ తగిలేలా సర్దుకుని, నోరు తెరిచింది. ఆ తరువాత గోడ అవతలి నీడలోకి దిగింది.

"నిజమే చెప్పింది" అన్నాడు కాక. కళ్లు తుడుచుకున్నాడు. "గింతసేపు రోజూ ఒక్కతే కూసున్నదా?"

"ఊ."

"యాడ కూసునేది?"

బండ చివర చూపించాను.

"గింత బండ ఉండంగ గా కొసకెందుకు?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "నేనూ అడిగిన కాకా. 'మా ఆయన లేచొస్తె జాగ ఉండాలె గదా' అన్నది."

బయట సామాన్ల లారీ వచ్చి హారన్ కొట్టింది. కాక లేచాడు. లారీ దగ్గరికి పోతాడనుకున్నాను. బండ నడుమ వదిలి కొసవైపు జరిగి, ఐలవ్వ జాగను ఖాళీగా ఉంచి, దాని పక్కనే ఆమె ఆయన కోసం ఉంచిన చోట కూర్చున్నాడు.