కబ్ద్‌లో చిదిమిన పిడుదు

ఇరాకీ సైన్యం వచ్చిన కొద్ది రోజులకు మామా, అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, పట్నంలోని బ్నీద్ అల్ గార్ ఇల్లు వదిలి మమ్మల్ని ఎడారి వైపు కబ్ద్‌లోని తమ గొర్రెల దొడ్డికి తీసుకుపోయింది. అక్కడ నీళ్లున్నాయి, నీడ ఉంది. ఆ రోజుల్లో అంతకన్నా ఏం కావాలి?

ఒక ఉదయం ఆమె ఆరేళ్ల కూతురి చెవి వెనక పిడుదు కనిపించింది. మాది కడప దగ్గర గొర్రెలున్న ఇల్లు. అమ్మ నాకు అక్షరాలు నేర్పింది కూడా గొర్రెలకు పిడుదులు ఏరుతూనే. అలవాటుగా పీకి, రెండు గోళ్ల మధ్య టప్పున చిదిమేశాను.

పక్క తోటలో తలదాచుకున్న విజయవాడ డాక్టరుగారికి పాపను చూపిస్తే, ఆయన నా వేళ్లు చూశారు.

"గోళ్లతో చిదిమావా? కొంప ముంచావమ్మా!"

"మా ఊర్లో అందరం అట్లే చేస్తాం సార్. ఎవురికీ ఏం కాలా."

"ఇది మీ ఊరి పిడుదు కాదు. నేను చదివిన ఇంగ్లండులో అడవి పిడుదు కుడితే లైమ్ అనే జబ్బు వస్తుంది, కుట్టినచోట ఎర్రటి వలయం పాకుతుంది. ఇక్కడ గొర్రెలకూ ఒంటెలకూ పట్టేది వేరు. అన్నింట్లో జబ్బు ఉండదు గానీ, ఉంటే కుట్టినా, చిదిమిన నెత్తురు చేతికి అంటినా జ్వరం ముదిరి నెత్తురు పడుతుంది, పక్కవాళ్లకీ అంటుకుంటుంది. రెండు వారాలు ఇద్దరూ జాగ్రత్త."

ఆ సాయంత్రమే మా జిల్లా డ్రైవరు వచ్చాడు. మనవాళ్లను ఇంటికి చేర్చేందుకు జోర్డాన్ వైపు పోయే బస్సులో నాకు చోటు దొరికిందట. రానన్నాను.

"ఏందక్కా, తుపాకులకు బయపడనిదానివి పిడుదుకు బయపడతాండావా?"

"బస్సు నిండా మన జనమే గదా నాయనా. దారిలో నాకు జరమొస్తే?"

"ఇంగో బస్సు వస్తాదో రాదో!"

"వస్తాది. చిదిమింది నేను. పాపను ఇట్ల ఇడిచిపెట్టి పోతే దేవునికి ఏం చెప్పుకోవల్ల?"

"ఖలాస్, నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

దొడ్డి చివరి గదిలో వేరుగా ఉన్నాను. కంచం, చెంబు కూడా వేరే. పొద్దున్నే స్వామికి దండం పెట్టి, నా నుదురు తడిమి చూసుకుని, గుమ్మం అవతలి నుంచే పాప ఎలా ఉందని అడిగేదాన్ని. తొమ్మిదో రోజు పాప ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. డాక్టరుగారు చిగుళ్లు చూశారు, కళ్లు చూశారు, చివరికి గొంతు చూసి "గొంతు వాచిందంతే" అన్నారు. నేను గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చాను. మూడు రోజులకు తగ్గింది.

పదిహేనో రోజు మామా తనే నా గదిలోకి వచ్చింది. నా కంచం తీసుకెళ్లి తమ కంచాల మీద పెట్టింది.

ఆ తర్వాతి బస్సులో నాకు చోటిచ్చిన స్వామికి ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను. ఆ కంచానికి కూడా.