పూజబొట్టు కింద

విడపనకల్లులో ఎవరింట పాత డ్రమ్ము కనబడినా కుళ్లాయప్ప ఆగి, "ముందు దీంట్లో ఏముండె?" అని గద్దిస్తాడు.

2003 కరువులో, కడుపుతో ఉన్న భార్య పుష్పావతికి ఆకుకూర దొరక్క, ఆయుధపూజ మరునాడు గుంతకల్లులో పాత సామాన్ల గుజరీ అంగడిలో ఒక డ్రమ్ము కొన్నాడు. అందులో చేపలు వదిలి, ఆ నీళ్లతోనే పైన తట్టలో పోసిన గులకరాళ్లలో మెంతికూర పెంచాడు. తెచ్చినరోజు డ్రమ్మంతా తోమిన పుష్పావతి, అంగడివాడు దానిమీద పెట్టిన పసుపుకుంకుమలను ముట్టుకోలేదు.

"పూజ చేసిన బొట్టు యాడన్నా తుడుస్తారా?" అనింది.

చేపలు ఒక్కొక్కటే చచ్చాయి. ఎండకనుకున్నారు. నెల తిరక్కుండా కడుపు పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చి కుళ్లాయప్ప ఆ బొట్టు తుడిచాడు. కింద పుర్రె బొమ్మ. అది పురుగుమందు డ్రమ్ము.

కడుపు పోయింది ఆకు వల్లేనా అంటే డాక్టరు చెప్పలేకపోయాడు.

"చేదుగుండాది, వద్దని ఆమె అంటాంటే, బిడ్డకని బతిమాలి తినిపించినా" అంటాడు కుళ్లాయప్ప.