గుప్పెడున్నర తవుడు

పక్క సెలూన్లో జడలల్లే అమ్మాయి మొదటిసారి నా కొట్లోకి వచ్చి, గుమ్మం దగ్గరే రెండు మోకాళ్ళూ నేలకి ఆనించేసరికి నేను హడలిపోయాను. బహ్రెయిన్‌లోని ఈ తుబ్లీలో పదకొండేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. నా ముందు ఏడ్చినవాళ్ళున్నారు, అరిచినవాళ్ళున్నారు, నా చేతిలో కత్తెర లాక్కున్నావిడ కూడా ఒకరున్నారు. మోకాళ్ళ మీద పడ్డవాళ్ళు మాత్రం లేరు. జాకెట్టుకి మూడు దినార్లు చెప్పబోతున్నదాన్ని, నోట్లోంచి రెండు అని వచ్చేసింది. ఆ అమ్మాయి లేచి, నవ్వి, "గుడ్ మార్నింగ్ ఆంటీ" అంది.

వాళ్ళది నైజీరియా, యోరుబా వాళ్ళట. వాళ్ళలో ఆడపిల్లలు పెద్దవాళ్ళకి అలా మోకరిల్లే దణ్ణం పెడతారని తరవాత తెలిసింది. ఒక నమస్కారానికి ఒక దినారు వదులుకున్నానన్నమాట. మా నాన్న వింటే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

మా నాన్నది విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో బజారు వీధిలో కిరాణా కొట్టు. ఒక పక్క బట్టల కొట్టు, ఇంకో పక్క తవుడూ తెలకపిండీ అమ్మే కొట్టు. ఆ మూడు అరుగుల మీదే పెరిగాను. బేరమాడకుండా కొన్నది నాకు ఒంటపట్టదు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, రెండు పీకితే ఏమైనా తగ్గిస్తారా అని డాక్టరుని అడిగిన మనిషిని.

ఆ అమ్మాయి తల్లి కూడా వాళ్ళ ఊళ్ళో సంతలో మిరపకాయలు అమ్ముతుందట. అందుకే మాకు కుదిరింది. మా మాటల్లో సగం ఇంగ్లీషు, పావు హిందీ, మిగతాదంతా చేతులు. దారపు ఉండకి కూడా పావుగంట బేరమాడుకునేవాళ్ళం. వాళ్ళాయన సల్మాబాద్‌లో ఒక గోడౌన్‌కి కాపలా. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం.

ఏడో నెల కడుపుతో ఒకరోజు వచ్చి నా బల్ల మీద ఒక సంచీ కుమ్మరించింది. పాత చొక్కాలు, వెలిసిపోయిన దుప్పటి, ఎవరిదో మోచేతుల దగ్గర చిరిగిన నైటీ. సెలూన్‌కి వచ్చేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుందట.

"పుట్టేదానికి వీటితోనే కుట్టాలి ఆంటీ. కొత్త గుడ్డ ముక్క కూడా కలపకు. బొత్తాం కూడా పాతదే."

పిసినారితనం అనుకున్నాను. నిజం చెప్పాలంటే మెచ్చుకున్నాను కూడా. అయినా చేతికందిన గిరాకీని వదలడం మా రక్తంలో లేదు కదా! మెత్తటి కొత్త నూలుగుడ్డ తీసి చూపించాను. వద్దంది. సగం ధర అన్నాను. వద్దంది. ఊరికే తీసుకో అన్నాను. తల అడ్డంగా ఊపి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఊరికే ఇస్తే వద్దన్నవాళ్ళని అంతవరకూ చూడలేదు. అప్పుడైనా అర్థం కావలసింది. కాలేదు.

ఆడపిల్ల పుట్టింది. అయిదో రోజున వాళ్ళ గదికి వెళ్ళాను. ఒకావిడ పట్టుచీర జాకెట్టు కుట్టగా మిగిలిన గులాబీరంగు ముక్కతో, జరీ అంచు వేసి, గౌను కుట్టుకుని మరీ పట్టుకెళ్ళాను. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, మనకి అలవాటే కదా, "ఓ బంగారు తల్లీ, ఎంత ముద్దుగా ఉన్నావే" అన్నాను. తెలుగులోనే అన్నాను. కానీ ఆ గొంతు ఏ భాషవాళ్ళకైనా తెలిసిపోతుంది.

పచ్చి బాలింత మంచం మీంచి ఒక్క దూకు దూకింది. పిల్లని నా చేతుల్లోంచి లాక్కుంది. ముఖం మీద చింకిగుడ్డ కప్పేసింది. గుమ్మం వైపు తిరిగి, అక్కడెవరో నిలబడి వింటున్నట్టు, "అందం లేదు, ఏమీ లేదు! కోతిపిల్ల! చెత్త! ఎవరికీ పనికిరాదు!" అని కేకలు పెట్టింది. నా గౌను తీసి మెట్ల మీదకి విసిరేసింది.

ఇంత జరుగుతున్నా నా కన్ను ముందు పోయింది మెట్ల మీద దుమ్ములో పడ్డ జరీ అంచు వైపే. నా బుద్ధి అలాంటిది.

కాసేపటికి ఆ అమ్మాయే నా పక్కన కూర్చుని చెప్పింది. దీనికి ముందు ఇద్దరు పోయారు. ఒకరు పదకొండు నెలలకి, ఇంకొకరు రెండేళ్ళకి. వాళ్ళ పెద్దవాళ్ళ లెక్కలో వాళ్ళు ఇద్దరు కారు, ఒక్కరే. అలాంటి పిల్లల్ని అబికు అంటారట. పోవడానికే మళ్ళీ మళ్ళీ పుట్టేవాళ్ళు. అటువైపు, పుట్టకముందు ఉండే లోకంలో, వాళ్ళకి ఆటతోడు ఉంటుంది. ఇక్కడ పిల్లని అపురూపంగా చూస్తున్నారని తెలిస్తే ఆ తోడు అసూయతో వచ్చి పిలుచుకుపోతుంది. ఎవరికీ అక్కర్లేని చెత్త అనుకుంటే వదిలేస్తుంది.

"రెండోది పోయినప్పుడు మా అత్త దాని చెవి తమ్మెకి చిన్న గాటు పెట్టింది ఆంటీ, మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి" అంటూ గుడ్డ తొలగించింది.

అయిదు రోజుల పిల్ల ఎడమ చెవి తమ్మెకి, కత్తెర మొన తగిలినట్టు, చిన్న నొక్కు.

ఎంతమంది చెవులు అలా ఉండవు, పుట్టుకతో అదొక మడత, అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఆగలేక రెండో చెవి కూడా తిప్పి చూశాను.

"నువ్వు నమ్ముతావా ఇదంతా?"

"ఆదివారం చర్చికి వెళ్తాను ఆంటీ. డాక్టరమ్మ మాటా వింటాను. సికిల్ సెల్ అన్నారు ఆ ఇద్దరికీ. ఆయన రక్తంలోనూ నా రక్తంలోనూ సగం సగం ఉందట. దీనికీ పుట్టగానే మడమ గుచ్చి రక్తం తీశారు. ఫలితం రావాలి. అప్పటిదాకా నేను ఎవరితోనూ తగువు పెట్టుకోలేను. డాక్టరుతో కాదు, అత్తతో కాదు, అటువైపు వాళ్ళతో అసలే కాదు."

ఎనిమిదో రోజు పేరు పెట్టడం. ఉప్పూ తేనే నేనే కొనుక్కెళ్ళాను, గౌను తప్పుకి జరిమానాగా. పాలపొడి డబ్బాకి ఫోన్ ఆనించారు. అందులో తలకి పెద్ద గుడ్డ చుట్టుకున్న అత్తగారు. నీళ్ళు, ఉప్పు, తేనె ఒక్కొక్కటే పిల్లకి చూపించి తల్లి తన నాలుకకి రాసుకుంది. పసిపిల్ల నోట్లో తేనె పెట్టొద్దని నర్సు గట్టిగా చెప్పిందట. అత్తగారు ఫోన్లోంచే పేరు పలికింది. అందరూ తిరిగి అన్నారు. బాగుంది, గంట కొట్టినట్టుంది. అర్థమేమిటని అడిగాను.

"గొయ్యి తవ్వడానికి పార లేదు."

మళ్ళీ అడిగాను. అదేనట. పాతిపెట్టడానికి పనిముట్టు కూడా లేదు, కాబట్టి పోకు అని ఆ పిల్లకి చెప్పడం. ఎనిమిది రోజుల పిల్లని పిలిచినప్పుడల్లా గోతి మాట! ఆ వెంటనే మా బజారు వీధి గుర్తొచ్చింది.

ఎందుకంటే నా పేరుకి అర్థం తవుడు.

నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పోయారు. నేను పుట్టగానే చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. పక్క కొట్టు తాత అటుగా వచ్చినట్టు వచ్చి, "ఎవర్దమ్మా ఈ సెత్త?" అని అడిగి, గుప్పెడు తవుడు పోసి నన్ను కొన్నాడు. కొని, పెంచమని మా అమ్మకే అప్పజెప్పాడు. బళ్ళో ఆ పేరు మీద నేను పడ్డ వెక్కిరింతలు చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో తప్ప ఇక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల తల్లికి చెప్పాను.

నన్ను నోరు తెరుచుకుని చూసింది. "నీకిప్పుడు ఎన్నేళ్ళు ఆంటీ?"

"నలభై తొమ్మిది."

"నలభై తొమ్మిది!" అంటూ ఫోన్ వైపు తిరిగి వాళ్ళ భాషలో గబగబా చెప్పింది. అత్తగారు ఫోన్లో రెండు చేతులూ చరిచి, నా వైపే వేలు చూపిస్తూ ఏదో అంది.

"నిన్నే కొనమంటోంది. చావే చూసి, వద్దని వదిలేసిన మనిషివట నువ్వు."

ఒప్పుకున్నాను. సరదాకే, ముందే చెబుతున్నాను. తీరా చూస్తే బహ్రెయిన్‌లో తవుడు దొరకడమే పెద్ద పని అయింది. సూపర్ మార్కెట్లో ఆరోగ్యం కోసం తినేవాళ్ళ అరలో గోధుమ తవుడుంది, అందమైన ప్యాకెట్లో, పిండి కంటే ఎక్కువ ధరకి. మా ఊళ్ళో గేదెలు వింటే నవ్వుతాయి. చివరికి మేకల దాణా అమ్మే కొట్టుకి వెళ్ళాను.

"బస్తా లెక్కనే అమ్ముతాం" అన్నాడు కొట్టతను హిందీలో. "మేకలెన్ని?"

"మేకల్లేవు భాయ్. రెండు గుప్పెళ్ళు చాలు. పిల్లని కొనాలి."

నన్ను ఎగాదిగా చూసి, కాగితంలో పోసిచ్చి, "ఊరికే తీసుకుపో, యల్లా" అన్నాడు. ఊరికే వస్తే కొన్నట్టు కాదు. డబ్బు తీసుకోమని నేను, వద్దని అతను. జీవితంలో మొదటిసారి ధర పెంచడానికి బేరమాడి, వంద ఫిల్సు అతని చేతిలో కుక్కి వచ్చాను.

పెంటకుప్పకి బదులు నా కొట్లో కత్తిరింపు ముక్కల బుట్ట ఉంది. అందులో పడుకోబెట్టింది పిల్లని. నేను బయటికెళ్ళి, దారిన పోయేదానిలా లోపలికొచ్చాను.

"ఎవరిదమ్మా ఈ చెత్త?"

"నాదే. పారేద్దామనుకుంటున్నా."

"గుప్పెడిస్తాను."

"మూడు."

నాకు చర్రుమంది. "ముక్కు చప్పిడి, బుర్ర మీద వెంట్రుక లేదు, దీనికి మూడా?"

"కాళ్ళు చూడు ఎంత గట్టివో!" అనేసి, చటుక్కున నాలిక్కరుచుకుంది. ఎంతైనా సంతలో పెరిగిన పిల్ల, సరుకుని పొగడకుండా ఉండలేకపోయింది. ఆ మాటకి అర గుప్పెడు పెంచాల్సి వచ్చింది. గుప్పెడున్నరకి తెగింది.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకి చెబితే, "పిల్లనేటి, కొనడవేటి? నీకేటైనా పిచ్చెక్కిందేటే?" అన్నాడు.

మూడు వారాలకి ఆస్పత్రి నుంచి రమ్మని ఫోనొచ్చింది. భర్తకి డ్యూటీ. పిల్లనెత్తుకుని నా గుమ్మంలో మోకరిల్లింది. ఈసారి ధర తగ్గించడానికి ఏమీ లేదు.

"నువ్వూ రావాలి ఆంటీ. కొన్నది నువ్వు."

చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఆటని ఆట అనుకున్నది నేనొక్కదాన్నే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వస్తే ఆ తవుడు తాత కొట్టు మూసుకొచ్చి, మా నాన్నని పక్కకి జరిపి, "కొన్నోణ్ణి నాను. నాతో సెప్పండి డాట్రుగారూ" అన్నాడు. అదీ ఆటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

డాక్టరమ్మ నా వైపు చూసి, పిల్లకి మీరేమవుతారని అడిగింది. కంగారులో "ఓనర్" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

ఉంది. ఈ పిల్లకీ ఆ జబ్బే ఉంది.

తల్లి ఏడవలేదు. ముందే తెలిసినట్టు తలూపింది. ఈ దేశంలో చాలా ఇళ్ళల్లో ఉన్న జబ్బే ఇదని డాక్టరమ్మ చెబుతోంది. తన దగ్గర చూపించుకునేవాళ్ళలో పెళ్ళిళ్ళయి, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ఉన్నారంది. రోజూ మందు మానకూడదు, టీకాలు తప్పకూడదు, ఒళ్ళు వెచ్చబడితే తెల్లారేదాకా చూడకుండా పరుగెత్తుకు రావాలి. అన్నీ రెండేసిసార్లు చెప్పించుకున్నాను.

బయటికొచ్చాక ఆ అమ్మాయి సంచీలోంచి చింకిగుడ్డ మూట తీసింది. తవుడు, ముడి కూడా విప్పలేదు.

"తీసేసుకో ఆంటీ. చెడ్డ సరుకు అంటగట్టాను నీకు."

"మాది కొట్టువాళ్ళ వంశం. కొన్నాక వాపసు లేదు."

"నిజంగా చెబుతున్నాను."

"నేనూ నిజంగానే. ఒళ్ళు వెచ్చబడితే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు?"

"ఆస్పత్రికి."

"ఆ తరవాత?"

తవుడు మూటని మళ్ళీ సంచీలో పెట్టుకుంది. "నీకు" అంది. అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్న సెలూన్ తెరిచే ముందు పిల్లని నా ముక్కల బుట్టలో పెడుతుంది. సూది లేని సిరంజితో మందు పడుతుంది. పిల్ల సగం ఉమ్మేస్తుంది, ఎక్కువగా వాళ్ళ వీళ్ళ జాకెట్టు గుడ్డల మీద. మళ్ళీ పడుతుంది. మొన్న ఒక ఆఫీసరుగారి భార్య, మన తెలుగావిడే, కొలతలివ్వడానికొచ్చి బుట్టలోకి వంగి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఎవరి పాప అండీ?" అంది.

నేను టేపు వదిలేసి లేచాను.

"ముద్దా? ముద్దేటి! కోతిపిల్ల!" అని గుమ్మం దాకా వినపడేలా అరిచాను. "నాదే. గుప్పెడున్నర తవుడికి కొన్నాను, అదే ఎక్కువ!"

ఆవిడ ఆ జాకెట్టు ఇంకెక్కడో కుట్టించుకుంది.