బెల్లం లేని రైతులకు పిలుపు

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. తేలిగ్గా అయ్యే పనిని తేలిగ్గా చేసేస్తే చదువుకి అవమానమని అనుకోవడం ఒకటి, చేసినదాన్ని వెంటనే నలుగురికీ చూపించుకోవాలనే ఆత్రం రెండోది. ఈ రెండూ ఉన్న కుర్రాడికి ఒక కంప్యూటరునీ, అనకాపల్లి బెల్లం మార్కెట్లో తరాలుగా పేరున్న ఒక కొట్టునీ అప్పగిస్తే ఏమవుతుందో చెబుతాను. (ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ పొద్దున్న నా మొహంలో నవ్వన్నది లేదు.)

ఇంజనీరింగ్ పూర్తిచేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను మా మేనమామ తను గుమస్తాగా ఉన్న కొట్లో పెట్టించాడు. దేవరాపల్లి, మాడుగుల, కోటవురట్ల వైపు రైతుల బెల్లం ఆ కొట్టుకి వచ్చేది. సరుకు యార్డులో దిగగానే రైతుకి ఫోన్ చేసి రేపు పొద్దున్న వేలం అని చెప్పడం మామ పని. వేలం పాడేటప్పుడు రైతు తన దిమ్మల పక్కన నిలబడాలి, రంగు గురించి ఎవరైనా తక్కువ మాట అంటే అక్కడే తేల్చుకోవాలి, అది ఆ కొట్టు ఆనవాయితీ. అయితే మామ ఫోన్ పట్టుకున్నాడంటే ముందు చెరుకు సంగతి, తర్వాత గేదె ఈనిన సంగతి, ఆ తర్వాత వియ్యంకుడి మోకాలి నొప్పి. షావుకారు గారు విసిగిపోయి కంప్యూటర్ కొన్నారు. "మావోడు సూసుకుంటాడండి. ఆడి పూచీ నాది" అన్నాడు మామ. ఆ మాట బరువు నాకప్పుడు తెలియలేదు.

మామ పాత పద్దులన్నీ, ఫోన్ నంబర్లతో సహా రాసింది రాసినట్టే, ఒక్కో సరుకుకి ఒక్కో వరసగా కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇలా సరుకు వివరాలన్నీ ఉంచే చోటుని డేటాబేస్ అంటారు. దానికో సొంత భాష ఉంది. అది ఇంటిపట్టున ఉండే భాష, గడప దాటదు. పైథాన్ అనే ఇంకో భాష అలా కాదు, ఊరంతా తిరిగి వస్తుంది. బుద్ధున్నవాడు ఎవరి పని వాళ్ళకి వేరుగా అప్పగిస్తాడు. నేను మాత్రం, డేటాబేస్ భాష లోపలి నుంచే పైథాన్‌ని పిలిచి పని చేయించుకోవచ్చని ఎక్కడో చదివి ఊగిపోయాను. సరుకు వరస ఒకటి కొత్తగా చేరినా, పాతది మారినా, డేటాబేస్ తనంతట తానే పైథాన్‌ని పిలిచేటట్టు, పైథాన్ వెళ్ళి ఆ రైతు ఫోన్‌కి సందేశం పంపేటట్టు రాశాను. (పాతది మారినా ఎందుకు పంపాలని అడగకండి. పెడితే గొప్పగా ఉంటుందని పెట్టాను.)

వారం తిరక్కుండా షావుకారు గారు ఒక సందేశం చూసి కళ్ళజోడు తీశారు. "ఏటిది? మన కొట్టు రైతుని ఉత్త పేరెట్టి పిలుత్తాదేటి? గారు అని చేర్చు." ఎంత పని, ఒక్క లైను. ఆ సాయంత్రం పాత సరుకుతో సహా అన్ని వరసల్లోనూ పేరు చివర గారు చేర్చమన్నాను. చేర్చింది. తీరా చూస్తే పెద్దవాళ్ళ పేర్లకి మామ ముందే గారు పెట్టి ఉంచాడు, వాళ్ళందరూ గారు గారు అయిపోయారు. డేటాబేస్‌లో ఒక సుఖం ఉంది. ఖాయం చెయ్యనంతవరకూ చేసిందంతా వెనక్కి తీసుకోవచ్చు, దాన్నే రోల్‌బ్యాక్ అంటారు. వెనక్కి తీసుకున్నాను. అంతా మామూలైపోయింది. "చూడు మామా, ఎంత తప్పు చేసినా తుడిచేయొచ్చు. మరక కూడా ఉండదు" అన్నాను. "మరైతే మంచిదేరా" అన్నాడు మామ. నిశ్చింతగా ఇంటికెళ్ళి పప్పుచారు తిని పడుకున్నాను.

పొద్దున్న యార్డుకి వెళ్ళేసరికి కొట్టు ముందు ఆటోలు. మాడుగుల బస్సు దిగి ఒక గుంపు, వెనకాల ఇంకో గుంపు. ఒకాయన షావుకారు గారి ముందు ఫోన్ ఊపుతున్నాడు. "సెరుకు ఇంకా మళ్ళోనే ఉందండి. బెల్లం యార్డుకి ఎలాగొచ్చీసింది?" ఆ పక్కన ఇద్దరు అన్నదమ్ములు, నాకు తెలీకుండా సరుకు తోలీసేవంటే నువ్వే తోలీసేవని కండువాలు పట్టుకుంటున్నారు. లోపలికి పరిగెత్తి కంప్యూటర్ చూశాను. వరసలు వెనక్కి వచ్చాయి గానీ, ఒక్కొక్క వరస మారినప్పుడల్లా పైథాన్ బయటికి వెళ్ళి చెప్పాల్సింది చెప్పేసే వచ్చింది. ఏళ్ళ కిందట అమ్ముడుపోయి, ఎవరింట్లోనో అరిసెలై అరిగిపోయిన బెల్లానికి కూడా, మీ సరుకు దిగింది, రేపు వేలం, తప్పక రండి అని కబురు వెళ్ళింది.

షావుకారు గారు గొంతు పెంచలేదు. అదే భయం వేసింది. "ఈళ్ళలో ఒక్కడు అలిగి పక్క కొట్టుకి పోయినా, నువ్వూ మీ మావా ఇద్దరూ ఇంటికే. వెళ్ళి చెప్పుకో." మామ నా వైపు చూడకుండా కండువాతో మెడ తుడుచుకున్నాడు. నా ఉద్యోగం పోతే నా ఖర్మ. పూచీ పడ్డ పాపానికి, జీవితమంతా ఆ కొట్లోనే గడిపిన మనిషి నా వెనకాల నడిచి వెళ్ళిపోవాలి. ఏడుపొచ్చింది.

బెల్లం తూచే కాటా ఎక్కి నిలబడ్డాను. (కిందనుంచే చెబితే సరిపోయేది, కానీ జబ్బు ఎక్కడికి పోతుంది?) డేటాబేస్ గురించీ, పైథాన్ గురించీ, రోల్‌బ్యాక్ గురించీ చెప్పాను. "అంతా వెనక్కి తీసీసుకున్నానండి" అన్నాను.

"మరి నా ఫోన్లోంచి తియ్యలేదేటి?" అన్నాడు ఒకాయన. "అన్నదమ్ములికి తగువెట్టీసి వెనక్కి తీసుకున్నాడంట" అన్నాడు ఇంకొకాయన. కొందరు అప్పుడే పక్క కొట్టు వైపు చూస్తున్నారు.

అప్పుడు వెనకనుంచి ఒక ముసలాయన జరుగుతూ వచ్చాడు. యార్డులో అందరూ సరుగుడు తాత అంటారు. చెరుకు గిట్టక, పొలమంతా సరుగుడు మొక్కలేసి, బెల్లం వండడం మానేసి చాలా కాలమైంది. మడత నలగని ఇస్త్రీ చొక్కా, చేతిలో మాడుగుల హల్వా పొట్లం.

"నాకు బెల్లం నేదని నాకు తెల్దేటి బాబూ" అన్నాడు. "అయినా వచ్చేను. సెరుకు తీసీసేక ఈ యార్డు నుంచి నన్నెవరు పిలిసేరు? మా మనవరాలు సదివి సెప్పింది, పేరెట్టి గారు గారు అని రెండేసి ఉన్నాయంట. మా ఇంట్లో ఒక్కటీ నేదు." పొట్లం షావుకారు గారి చేతిలో పెట్టాడు. "ఉత్త సేతుల్తో ఏటొత్తాం అని తెచ్చేను. పాట మొదలెట్టండి, సూసి పోతాను."

ముందు మామ నవ్వాడు, తర్వాత కండువాలు పట్టుకున్న అన్నదమ్ములు. షావుకారు గారు అందరికీ టీ చెప్పారు. తాత ఎవరిదో బెల్లం పక్కన చేతులు కట్టుకుని, తనదే అన్నట్టు పాట అయ్యేదాకా నిలబడ్డాడు. ఆయన్ని చూస్తూ నేను కాటా దిగడం మర్చిపోయాను. ఎవరూ పక్క కొట్టుకి పోలేదు. సాయంత్రం షావుకారు గారు ఒక్క మాటే అన్నారు: "ఆ పైతానో ఏటో, దాన్ని మీ మావకి చెప్పకుండా బయటికి పంపకు."

ఇప్పుడు విశాఖలో, పెద్ద డేటాబేసుల మధ్య పని చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మెరిసే కళ్ళతో వస్తారు, సార్, లోపలి నుంచే పైథాన్‌ని పిలిచి మెయిల్ పంపించేద్దామా అని. వద్దంటాను. ఎందుకని అడిగితే బోర్డు మీద బొమ్మ గీసి రోల్‌బ్యాక్ సంగతి చెబుతాను, ఇస్త్రీ చొక్కా సంగతి చెప్పను. తాత తన ఫోన్ మార్చినప్పుడు కూడా ఆ సందేశాన్ని మనవరాలి చేత కొత్త ఫోన్లోకి ఎక్కించుకున్నాడని మామ తర్వాతెప్పుడో చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎంత రాశానో, ఎంత చెరిపేశానో నాకే తెలియదు. ఒక మనిషి దాచుకున్నది మాత్రం ఆ ఒక్క వాక్యమే, అందులోనూ ఒక గారు ఎక్కువ.